వాసన లేదని రాశాను

మార్చి 4

ఇవాళ్టినుంచి మళ్ళీ ఫ్యాక్టరీ. నాకు జ్వరం వదిలింది, జలుబు వదిలింది, నేను లేనప్పుడు ల్యాబ్‌కి పట్టిన దరిద్రం మాత్రం వదల్లేదు. బల్ల నిండా కప్పుల మరకలు. మేం చేసే ప్లాస్టిక్ డబ్బాల మసక కొలిచే మిషన్ మీద ఎవరో తినుబండారాల పొట్లం పెట్టారు. ఎవరని అడిగితే అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మిషన్లతోనే పని జరుగుతున్నప్పుడు మధ్యలో ఇంతమంది మనుషులెందుకో నాకెప్పటికీ అర్థం కాదు.

మా ఆయన ఫ్లాస్కులో పోసిచ్చిన కాఫీ వట్టి వేడినీళ్ళు. ఫోన్ చేసి పొడి మార్చారా అని అడిగాను. "లేదే, ఎప్పుడూ కొనేదే," అన్నారు. బడిపిల్లలకి బొమ్మలెయ్యడం నేర్పి రిటైరైన మనిషి. కాఫీ పొడికీ ఇటుక పొడికీ తేడా ఆయనకేం తెలుస్తుంది.

మార్చి 6

పెద్దాయన అల్లుడు ల్యాబ్‌లోకి ఊడిపడ్డాడు. పెద్దాయన ఈ ఫ్యాక్టరీ కట్టారు, ఓ కూతుర్ని కన్నారు. ఇతను ఆ కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. సేల్స్ హెడ్ కావడానికి ఇతను చేసిన కష్టమంతా అదే. నోరు తెరిస్తే "అద్దంలా ఉండాలి మేడమ్, అద్దంలా" అంటాడు కాబట్టి ఈ పుస్తకంలో అతని పేరు అద్దం.

చేతిలో పోటీ కంపెనీ వాళ్ళ ప్లాస్టిక్ డబ్బా. పసిపిల్లలకి తినిపించే పొడి అమ్మే పెద్ద కంపెనీ ఒకటి ఇలాంటి డబ్బాలే కావాలందట. లోపల పొడి ఎంత మిగిలిందో తల్లులకి బయటినుంచే కనిపించాలట.

"మనది చూడండి మేడమ్, పాలలో కడిగినట్టుంది. వీళ్ళదేమో అద్దం. ఏదో పొడి కలుపుతారట కదా, మనం ఓ గుప్పెడు ఎక్కువే కలిపేద్దాం."

గుప్పెడు! బురదనీళ్ళలో పటిక వేసినట్టనుకున్నాడు. ప్లాస్టిక్‌లో తేరుకోవడానికి మురికేమీ లేదు నాయనా అని చెప్పాను. కరిగిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు లోపల స్ఫటికాలు కడతాయి. అవి పెద్దవైతే వెలుతురు వాటికి కొట్టుకుని చెదిరిపోతుంది, డబ్బా మసగ్గా కనిపిస్తుంది. ఈ పొడి అందులో కరిగి, చల్లారేటప్పుడు సన్నని వలలా అల్లుకుంటుంది. ఆ వల పోగుల మీద పెద్ద స్ఫటికాల బదులు లెక్కలేనన్ని బుల్లి స్ఫటికాలు పుడతాయి. అంత చిన్నవాటిని వెలుతురు పట్టించుకోకుండా దాటిపోతుంది. టన్నుకి రెండు కేజీలు చాలు. ఎక్కువేస్తే కొన్నాళ్ళకి పైకి తేలి తెల్లగా కనిపిస్తుంది.

అన్నీ విని, గంభీరంగా తలూపి, "అంటే గుప్పెడు చాలంటారా?" అన్నాడు.

ఇలాంటివాళ్ళ చేతిలో పెద్దాయన తన ఫ్యాక్టరీని పెట్టబోతున్నారు. మొన్న మొక్కలకి నీళ్ళు పోస్తూ ఆయనే చెప్పారు. నేను ఊఁ కొట్టాను.

మార్చి 9

ప్లాస్టిక్‌లో కలిపే పొడులమ్మేవాడు వచ్చాడు. బూట్లు తళతళా మెరుస్తున్నాయి, మాట అంతకంటే జారుడుగా ఉంది. రెండు రకాల శాంపిల్స్ తెచ్చాడు. ఒకటి నేను వేరే సరుకుల్లో ఏళ్ళ తరబడి వాడిన పాత రకం. రెండోది కొత్తది.

"పాతది కాస్త వేడెక్కువైతే విడిపోయి చేదు బాదం వాసన వేస్తుంది మేడమ్. తినే సరుకు పెట్టే డబ్బాలకి కొత్తదే మంచిది."

నాకు చెబుతున్నాడు! ఆ సంగతి అతను నిక్కర్లు వేసుకున్నప్పుడే నాకు తెలుసు. మిషన్ వేడి అదుపులో ఉంచుకోవడం చేతకానివాళ్ళ కోసం చేసింది ఆ కొత్త పొడి. నా ముక్కు ఉండగా వాసన వచ్చే డబ్బా ఈ గేటు దాటదు. పాతదే తెప్పించమన్నాను.

మార్చి 13

మొదటి డబ్బాలు దిగాయి. వెనకాల న్యూస్‌పేపర్ పెట్టి చదివాను. చిన్న అక్షరాలు కూడా కరకరా కనిపించాయి. మసక లెక్క నేననుకున్నంత తక్కువే వచ్చింది.

ల్యాబ్‌లో కొత్తగా చేరిన కెమిస్టు పిల్ల పక్కనే నిలబడింది. గొంతు కిచకిచలాడుతుంది కాబట్టి పిచ్చుక. డబ్బా మూత తీసింది, మొహం వెనక్కి లాక్కుంది.

"మేడమ్, ఏదో వాసనొస్తోందండీ. చేదు బాదంలాగా."

నేను తీసుకుని చూశాను. ఏమీ లేదు. రెండోది, మూడోది చూశాను. ఏమీ లేదు.

"తలకేం రాసుకున్నావు?" అన్నాను.

"కొబ్బరినూనె మేడమ్."

"అదే అయ్యుంటుంది. రేపట్నుంచి తలస్నానం చేసి రా."

కొబ్బరినూనెకి చేదు బాదం వాసనెలా వస్తుందని దానికి అడగాలనిపించినట్టుంది, కానీ అడగలేదు. అడిగే దమ్ములేని తెలివి ఉన్నా లేనట్టే. 'వాసన' అన్న గడిలో 'లేదు' అని రాసి సంతకం పెట్టాను.

మార్చి 14

ఇంట్లో కూరకి ఉప్పూ కారం తప్ప ఇంకేమీ లేవు. దాన్ని వంటనరు. అలా అని చెప్పాను. మా ఆయన నా కంచంలో నిమ్మకాయ పిండారు. పులుపొచ్చింది. అంతే.

మార్చి 22

డబ్బాల మొదటి లారీ వెళ్ళింది. పెద్దాయన ల్యాబ్ దాకా వచ్చి ఓ డబ్బా ఎత్తి వెలుతురులో చూసి, "నువ్వుండగా నాకేం దిగులమ్మా" అన్నారు. అద్దం వెనకాల నిలబడి, ఆ డబ్బా తనే కన్నట్టు ముసిముసిగా నవ్వాడు.

ఏప్రిల్ 2

ఇస్త్రీపెట్టె పాడైంది. నా ల్యాబ్ కోటు ఇస్త్రీ చేసుకుంటూ పక్కన పెట్టుకున్న రిపోర్టు చదువుతున్నాను. మా ఆయన పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేశారు. కోటు జేబు దగ్గర అరచేయంత మేర మాడి పొగలు కక్కుతోంది.

"ఇంత కమురు వాసనొస్తుంటే ఏం చేస్తున్నావు?" అన్నారు.

"చదువుకుంటున్నాను," అన్నాను.

పని మీద ధ్యాస ఉన్నవాళ్ళకి ఇలాంటివి జరుగుతుంటాయి. పెరట్లో కూర్చుని ఉడతల బొమ్మలేసుకునేవాళ్ళకి జరగవు.

ఏప్రిల్ 5

పసిపిల్లల పొడి కంపెనీనుంచి కొనుగోళ్ళు చూసే ఆవిడ వచ్చింది. పెద్ద సంచీ, చిన్న కళ్ళు, నవ్వితే ఏదో అరిగిపోతుందన్నట్టు బిగించిన మూతి. సంచీలోంచి మా డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. నిండా పొడి.

"తల్లులు ఫోన్లు చేసి తిడుతున్నారండీ. పిల్లలు చెంచా దగ్గరికి రానివ్వడం లేదట. తుపుక్కున ఉమ్మేస్తున్నారట. మీ డబ్బా వాసన మా పొడికి పట్టేసింది."

మూత తీసింది. అద్దం ముక్కు చిట్లించాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఫోర్‌మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను డబ్బా అందుకుని, తొందరపడకుండా, పద్ధతిగా పీల్చాను.

"నాకేమీ రావడం లేదు," అన్నాను.

"మీకేం రావడం లేదా?" ఆవిడ నన్ను అలా చూడటం నాకు నచ్చలేదు.

"పసిపిల్లలు ఉమ్మడానికి కారణాలు కావాలా? మీ పొడే బాగోలేదేమో."

అప్పుడు మూలనుంచి కిచకిచ. "వస్తోందండీ. మొదట్నుంచీ వస్తోంది. నేను అప్పుడే చెప్పాను."

కొనుక్కునేవాళ్ళ ఎదుట! పిచ్చుక మొహం ఎర్రగా కందిపోయింది, కానీ తల దించుకోలేదు. దించుకుని ఉంటే నాకింత ఒళ్ళు మండేది కాదు.

ఏప్రిల్ 6

అద్దం నా గదికొచ్చి, కూర్చోమనకుండానే కూర్చున్నాడు. నక్కవినయాలు.

"మేడమ్, మీరు వాసన లేదన్నారు. నాకా మాట చాలు. గోడౌన్‌లో తయారైన డబ్బాలన్నీ అలాగే పంపించేద్దాం. ఆవిణ్ణి నేను చూసుకుంటాను. ఆ పిల్ల సంగతంటారా, నెలాఖరుకి ఇంటికి పంపించేస్తాను. కొనేవాళ్ళ ముందు నోరు జారేవాళ్ళు మనకెందుకు?"

"నిన్న మీరు ముక్కు చిట్లించారు," అన్నాను.

"ఆవిడ చిట్లించింది కదాని చిట్లించాను మేడమ్. మర్యాద."

మర్యాద కోసం ముక్కు చిట్లించే మనిషిని నా జీవితంలో ఇదే చూడటం. పిచ్చుక గురించి నేనేమీ అనలేదు. ఔననలేదు, కాదనలేదు. దానికో పాఠం కావాలి. అయినా ఉద్యోగం తీసేసేంతదా అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించడం తప్పు కాదు.

ఏప్రిల్ 9

గొడవని ఒక్క దెబ్బతో తేల్చేద్దామని నేనే పరీక్ష పెట్టాను. మూత ఉన్న గాజు సీసాలు మూడేసి చొప్పున. ప్రతి మూడింట్లో రెండింట్లో ఒకే రకం ముక్కలు, మూడోదాంట్లో వేరే రకం. ఒక రకం మన కొత్త డబ్బా ముక్కలు, ఇంకోటి ఏ పొడీ కలపని పాత మసక డబ్బా ముక్కలు. వాసన చూసి, విడిగా ఉన్నదేదో చెప్పాలి. ముక్కలు కనిపించకుండా సీసాలకి కాగితం చుట్టించాను. నిజంగా వాసనుంటే అందరూ కనిపెడతారు, లేకపోతే అందరూ తడబడతారు. సీసాలు సర్దింది స్టోర్స్ గుమాస్తా. ఏ సీసాలో ఏముందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఇందులో ఎవరూ వేలు పెట్టలేరు.

ఫోర్‌మన్, ఆఫీసులో టైపిస్టు, పిచ్చుక, నేను. అందరికంటే ముందు నేనే కూర్చున్నాను.

ఫోర్‌మన్ అన్నీ సరిగ్గా చెప్పాడు. టైపిస్టు ఒకటి తప్పింది. పిచ్చుక సీసా మూత పూర్తిగా తియ్యకుండానే చెప్పేసింది. నావి చాలామటుకు తప్పులు. సరైనవి కూడా తోచినట్టు చెప్పినవే.

గుమాస్తా నావి చదివేటప్పుడు గొంతు తగ్గించాడు. నేనేమీ అతన్ని తగ్గించమనలేదు.

కాగితం జిగురు వాసన అడ్డొచ్చింది. పరీక్ష చెల్లదు.

ఏప్రిల్ 10

అందరూ భోజనానికి వెళ్ళాక ల్యాబ్ తలుపేసుకున్నాను. వెనిగర్ సీసా తీశాను. నిలవున్నది, బలం పోయినట్టుంది. స్పిరిట్ తీశాను. చల్లగా తగిలింది. దాని మీద పేరు చూశాను, స్పిరిటే. చివరికి అమ్మోనియా తీశాను. పీల్చగానే కళ్ళు భగ్గుమన్నాయి, నీళ్ళు ధారగా కారాయి, దగ్గొచ్చింది.

వచ్చింది కదా. నా ముక్కుకేం కాలేదు.

ఏప్రిల్ 11

మండటం వాసన కాదు.

ఏప్రిల్ 12

ఇవాళ నాకు సెలవు. పొద్దున మా ఆయన వంటింట్లో ఉన్నారు. నేను గడప దగ్గర నిలబడి అడిగాను.

"ఏం వండుతున్నారు?"

"కూర."

"ఏం కూర?"

ఆయన గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగారు. మూకుడు మీద మూతుంది. ఇల్లంతా వాసనొస్తూ ఉండుంటుంది. మామూలు మనిషెవరూ అలా అడగరు.

"నీకు తెలియడం లేదు కదూ," అన్నారు.

"మీకెప్పట్నుంచి తెలుసు?"

"జ్వరం తగ్గి లేచిన రోజునుంచి. పాలు విరిగిపోతే పారబోద్దామని గ్లాసు పక్కన పెట్టాను. నువ్వు తీసి తాగబోయావు. చేతిలోంచి లాక్కున్నాను, గుర్తుందా? ఈగ పడిందన్నాను."

ఈగ. ఆ ఈగ గురించి ఇల్లు శుభ్రంగా ఉంచరని ఆయన్ని పూటంతా దులిపేశాను.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే వింటావా?"

విననన్న మాట నిజమే. ఆ మాట ఆయన అంత నెమ్మదిగా అనడం నాకు నచ్చలేదు. అప్పట్నుంచి నేను పొయ్యి కట్టేశాక ఈయన వెళ్ళి గ్యాసు చూసొస్తున్నారట. నా ముందు ఏది పెట్టినా ముందు తను రుచి చూసి పెడుతున్నారట. నేనేమో వంట రాదని ఈ పుస్తకం నిండా రాసుకున్నాను.

వంట రాదన్నది మాత్రం అబద్ధం కాదు. జ్వరానికి ముందు కూడా అంతంతమాత్రమే.

ఏప్రిల్ 13

ఎవరికీ చెప్పక్కర్లేదు. రిటైరవ్వడానికి ఇంకెంతో లేదు. మసక కొలవడానికి మిషనుంది, వేడి కొలవడానికి మిషనుంది. ఒక్క వాసనకేగా లేనిది.

ఏప్రిల్ 14

నెలాఖరుకి పంపేస్తారన్న సంగతి తెలిసినట్టుంది, పిచ్చుక అప్పుడే తన సొరుగు ఖాళీ చేస్తోంది. ఒక దువ్వెన, ఒక టీ కప్పు, కాలేజీలో చదివిన పుస్తకం. నన్ను చూసి నమస్కారం పెట్టింది. వెటకారంగా కాదు, మామూలుగా. వెటకారం చేసి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 15

పెద్దాయన గదిలో మీటింగు. పెద్దాయన, అద్దం, పొడి కంపెనీ ఆవిడ, నేను, పిచ్చుక. దాన్ని పిలిచింది తప్పొప్పుకోమనడానికి. గోడౌన్ బయట లారీ సగం ఎక్కించి ఉంది.

అద్దం మొదలుపెట్టాడు. కోటు వేసుకున్నాడు, సెంటు కూడా కొట్టుకునే ఉంటాడు, ఎప్పుడూ కొట్టుకుంటాడు.

"చూడండి మావయ్యగారూ, ఈ పిల్ల నిన్నగాక మొన్న వచ్చింది. మా మేడమ్ ఈ డబ్బాలు పుట్టినప్పట్నుంచీ ఉన్నారు. ఆవిడ ముక్కు ముందు ఏ మిషనూ పనికిరాదు. ఆవిడ వాసన లేదన్నారంటే లేదంతే." నా కుర్చీ చేతి మీద చెయ్యేశాడు. "ఈ విషయంలో మేడమూ నేనూ ఒకటే మాట."

మేడమూ నేనూ.

ఇన్నేళ్ళలో నన్ను తిట్టినవాళ్ళున్నారు, నా వెనకాల నవ్వినవాళ్ళున్నారు. ఎవరూ నన్నిలా అవమానించలేదు. నేను ఎంత తెలివితక్కువ పని చేస్తే ఇతను నా పక్కన నిలబడి ఉంటాడు! పిచ్చుక ఎదుటి గోడ కేసి చూస్తోంది. పెద్దాయన నా మొహం చూస్తున్నారు. నేను ఔనంటే చాలు, లారీ పంపమని సంతకం పెట్టేస్తారు. నా మాట మీద ఆయనకంత నమ్మకం.

"నాకు వాసన రాదు," అన్నాను.

"అదే కదా నేను చెప్పేది," అన్నాడు అద్దం.

"మీకర్థం కాలేదు బాబూ. ఈ డబ్బాలోంచే కాదు, నాకు దేంట్లోంచీ రాదు. జ్వరమొచ్చినప్పట్నుంచి నా ముక్కు చచ్చిపోయింది. ఇంత దగ్గర కూర్చున్నారు, మీ సెంటు కూడా రావడం లేదు. దీనివల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే."

అతను చెయ్యి తీసేశాడు.

"డబ్బాల్లో వాసనుంది. నాలుగు రోజుల ముందే నాకు తెలుసు, చెప్పలేదు. పాత పొడి తెప్పించింది నేను. మొదటి డబ్బాలు దిగిన రోజే మిషన్ వేడి ఎక్కువున్నట్టుంది, వాసన తెలిస్తే అక్కడే ఆపేసేదాన్ని. తెలియలేదు. ఈ పిల్లకి తెలిసింది. తలకి నూనె రాసుకున్నావని దీన్ని తిట్టాను. లారీ దింపించండి."

పొడి కంపెనీ ఆవిడ బిగించుకున్న మూతి కాస్త సడలించి, సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి నా వైపు జరిపింది. నాకు దాహం లేదు. అయినా తాగాను.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మరి నాతో అనలేదేమ్మా?" అన్నారు. ఆయన అరిచి ఉంటే నాకు జవాబు తెలిసేది.

"ఇంటికెళ్ళి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో," అన్నారు.

ఆ మాటకి అద్దం మొహం వెలిగిపోయింది. పోనీ, ఇవాళ అతనికి అదైనా మిగిలింది.

ఏప్రిల్ 18

ముక్కు డాక్టరు. నా ముక్కులో దీపం పెట్టి చూసి, "తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు," అన్నాడు. ఇది చెప్పడానికి అన్నేళ్ళు చదివాడు. రోజూ లవంగం, నిమ్మతొక్క, మిరియం లాంటివి పీల్చి గుర్తుపట్టే ప్రయత్నం చెయ్యమన్నాడు.

మా ఆయన నా కళ్ళకి తువ్వాలు కట్టి, ఒక్కోటీ ముక్కు కింద పెట్టి "ఏమిటి చెప్పు?" అంటారు. నేను "నిమ్మకాయ" అంటాను. "లవంగం" అంటారాయన. ఇద్దరం పిల్లలాట ఆడుతున్నట్టుంది. బడిలో కూడా ఇంత ఓపిగ్గానే ఉండేవారేమో. నేనెప్పుడూ వెళ్ళి చూడలేదు.

ఏప్రిల్ 21

నిమ్మకాయ, మిరియం, లవంగం. ఏమీ లేదు.

ఏప్రిల్ 27

పెద్దాయన కబురు పెట్టారు. వెనక్కొచ్చిన డబ్బాలన్నీ ముక్కలు కొట్టించారట. వాటితో చెత్తబుట్టలు చేయిస్తారట, చెత్తబుట్టకి ఏ వాసనైనా ఒకటే. పొడి కంపెనీ ఆవిడ ఇంకొక్క అవకాశం ఇచ్చిందట. ల్యాబ్ నాదే. కానీ వాసన గడిలో సంతకం మాత్రం ఇకనుంచి పిచ్చుకది.

న్యాయమే. న్యాయంగా ఉన్నవన్నీ నచ్చాలని లేదు.

మే 3

కొత్త పొడితో డబ్బాలు. పొడులమ్మే బూట్లవాడు తానే గెలిచినట్టు మొహం పెట్టుకుని వచ్చాడు. మాట్లాడనివ్వకుండా పని మొదలుపెట్టించాను. పిచ్చుకని మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి, వేడి ఎక్కడ ఎలా చూడాలో, ముల్లు ఎటు జరిగితే ఏం చెయ్యాలో చెప్పాను. దానికి సగం తెలుసు. తెలిసినట్టు ముందెందుకు చెప్పలేదంటే, "మీరు అడగలేదండీ" అంది.

మొదటి డబ్బా చల్లారింది. మసక లెక్క పాతదానికంటే కూడా తక్కువొచ్చింది. పిచ్చుక మూత తీసి, కళ్ళు మూసుకుని, డబ్బాలోకి మొహం దూర్చి నిదానంగా పీల్చింది. నా చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

"ఏముంది?" అన్నాను.

"ఏమీ లేదు మేడమ్."

"నాకూ అంతే."

నవ్వొచ్చో లేదో తేల్చుకోలేక నా మొహం కేసి చూసింది. నేను నవ్వలేదు. అది మాత్రం నవ్వేసింది, కిచకిచా.

వాసన గడిలో 'లేదు' అని రాసి సంతకం పెట్టింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. మళ్ళీ రాయమన్నాను.